1979 గన్‌డమ్: 43 ఎపిసోడ్లూ చూడాలా, మూడు సినిమాలతో సరిపెట్టుకోవచ్చా?

నెల్లూరి న్యూటైప్:

ఎవరైనా కొత్తగా పాత గన్‌డమ్ చూస్తామంటే చాలు, "సీరియల్ జోలికి పోకండి, మూడు సినిమాలు చూసేయండి, కథంతా అందులోనే ఉంది" అని చెప్పడం మనవాళ్లకి అలవాటైపోయింది. నిన్న కూడా ఒకాయనకి నలుగురు ఇదే చెప్పారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు, అందుకే విడిగా చర్చ పెడుతున్నాను.

సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: యోషియుకి టోమినో డైరెక్ట్ చేసిన 'మొబైల్ సూట్ గన్‌డమ్' అనే టీవీ కార్టూన్ సీరియల్ జపాన్‌లో 1979 ఏప్రిల్ నుంచి 1980 జనవరి దాకా వచ్చింది. 52 ఎపిసోడ్లు అనుకున్నారు, రేటింగులు రాక 43కే ఆపేశారు. తర్వాత పునఃప్రసారాలతోనూ, బందాయ్ ప్లాస్టిక్ కిట్లతోనూ పేరు మోగిపోయింది. అప్పుడు అదే ఫుటేజీని కత్తిరించి, కొంత కొత్తగా గీసి 1981లో రెండు, 1982లో ఒకటి సినిమాలుగా వదిలారు. సీరియల్ అయితే 17 గంటలు, సినిమాలు మూడూ కలిపి దాదాపు 7 గంటలు.

నా మాట ఏమిటంటే, సినిమాల్లో ఉన్నది గన్‌డమ్ అనే పెద్ద రోబోని నడిపే అమూరో కథ. యుద్ధం మాత్రం సీరియల్లోనే ఉంది. 14వ ఎపిసోడ్ చూడండి. శత్రుపక్షమైన జియోన్ వాళ్లది ఏదో మారుమూల స్థావరం. అక్కడి సిపాయిలు పేరున్నవాళ్లు కారు, గన్‌డమ్‌ని పేల్చేస్తే ఇంటికి పంపిస్తారేమోనన్న ఆశ తప్ప వాళ్లకి వేరే లక్ష్యం లేదు. గాల్లో తేలే చిన్న బళ్ల మీద వచ్చి గన్‌డమ్ ఒంటి నిండా టైమ్ బాంబులు అంటించి పోతారు. అమూరో చెమటలు కక్కుతూ ఒక్కొక్కటే పీకుతాడు. వాళ్లు దూరం నుంచి బైనాక్యులర్స్‌లో చూస్తుంటారు. అంతా అయ్యాక మామూలు బట్టలేసుకుని, ఊరి కుర్రాళ్లలాగా దగ్గరికొచ్చి, ఇంతకీ ఆ పైలట్ ఎవరా అని చూస్తారు. తీరా చూస్తే పదిహేనేళ్ల పిల్లాడు. పలకరించి వెళ్లిపోతారు. అంతే ఎపిసోడ్. సినిమాల్లో ఇది లేదు.

కోర్‌బూస్టర్:

న్యూటైప్ గారూ, ఒక మంచి ఎపిసోడ్ ఎత్తి చూపించారు. మరి మిగతావి? ప్రతి ఎపిసోడ్లోనూ కోర్ ఫైటర్ (గన్‌డమ్ నడుములో ఇమిడే చిన్న విమానం) గాల్లో మడతపడి, కింద నుంచి కాళ్లు, పై నుంచి ఛాతీ వచ్చి అతుక్కునే అదే ముక్క ఎన్నిసార్లు చూస్తాం? అది కథ కోసం పెట్టింది కాదు. క్లోవర్ అనే బొమ్మల కంపెనీ స్పాన్సర్, అలా విడదీసి అతికించే బొమ్మ అమ్ముకోవాలి. జీ-ఆర్మర్ కూడా అంతే. యుద్ధం మధ్యలో ఉన్నట్టుండి ఒక పెద్ద బండి ఊడిపడుతుంది, గన్‌డమ్ దాని పొట్టలో దూరుతుంది. గొలుసుకు కట్టిన ముళ్ల గుండు, అదే గన్‌డమ్ హ్యామర్, చెప్పనే అక్కర్లేదు. సైన్స్ ఫిక్షన్లో గదాయుద్ధం!

సినిమాలకొచ్చేసరికి టోమినో హ్యామర్ తీసేశాడు. జీ-ఆర్మర్ బదులు కోర్ బూస్టర్ అనే విమానం పెట్టాడు (నా పేరు అక్కడిదే). పసుపు ముఖం, కొడవలి చేతులతో జాక్రెల్లో అనే శత్రు యంత్రం ఒకటి వచ్చేది కదా, దాన్నీ లేపేశాడు. డైరెక్టరే కూర్చుని, స్పాన్సర్ బలవంతం మీద పెట్టినవి ఏరి పారేశాక, అసలు వెర్షన్ ఏదని అడగడం దేనికి?

ఇంకోటి. పాత్రలు గీసిన యసుహికో యోషికాజు సీరియల్ చివర్లో జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. ఆ ఎపిసోడ్లలో ముఖాలు ఒక్కో షాట్‌లో ఒక్కోలా ఉంటాయి. మూడో సినిమాకి ఆయన కోలుకుని వచ్చి చాలా భాగం కొత్తగా గీయించాడు. సీరియల్ 41వ ఎపిసోడ్ ఒక విండోలో, మూడో సినిమాలో అదే ఘట్టం ఇంకో విండోలో పెట్టుకుని చూడండి.

వైట్‌బేస్ క్యాంటీన్:

నేను ఉప్పు ఎపిసోడ్ పార్టీ. 😄

చూడనివాళ్లకి: 16వ ఎపిసోడ్లో వంటాయన తమురా వచ్చి కెప్టెన్ బ్రైట్‌తో వాళ్ల ఓడ వైట్‌బేస్‌లో ఉప్పు నిండుకుందని చెప్తాడు. అవతల శత్రువు తరుముతున్నాడు, ఇవతల కూరలో ఉప్పు లేదు. బ్రైట్ మొహం చూడాలి. ఆ తర్వాత నిజంగానే మధ్య ఆసియాలో ఉప్పు సరస్సు వెతుక్కుంటూ వెళ్తారు! రోబోల కార్టూన్లో రేషన్ గురించి అంతసేపు మాట్లాడటం అప్పట్లో ఎవరూ చేసి ఉండరు. వైట్‌బేస్ ఒక యుద్ధనౌక కాదు, కాందిశీకులని ఎక్కించుకుని పరిగెడుతున్న ఓడ అని మనకి అర్థమయ్యేది అలాంటి చోటే. రెండో సినిమాకి అంత తీరిక లేదు.

తోకచుక్క:

కోర్‌బూస్టర్ బ్రో, "స్పాన్సర్ పెట్టించింది కాబట్టి అసలు కాదు" అంటే అసలు గన్‌డమే మిగలదు. ఎరుపు, నీలం, పసుపు రంగులు ఎక్కడివి? బొమ్మల షాపువే. 43కే ఆపేయడం ఎవరి నిర్ణయం? టోమినోది కాదు. కానీ ఆ కోత వల్లే చివరి పదీ పన్నెండు ఎపిసోడ్లు ఊపిరి ఆడనివ్వవు. జియోన్ కోటలు సోలోమన్, తర్వాత అబావాకూ, వాటి మీద యుద్ధాలు ఒకదాని మీద ఒకటి. 52 ఇచ్చి ఉంటే మధ్యలో ఇంకో నాలుగు జాక్రెల్లోలు దిగేవి.

పైగా "డైరెక్టర్ మనసులో ఉన్న వెర్షన్" అని మొదలుపెడితే, టోమినో స్వయంగా రాసిన నవలలు కూడా ఉన్నాయి. అందులో అమూరో యుద్ధం ముగియకుండానే చచ్చిపోతాడు. మరి అదే అసలా? ఆయన ఒకే కథని మూడు రకాలుగా చెప్పాడు, మూడింటికీ సంతకం ఆయనదే.

ఫస్ట్‌టైమర్_97:

అన్నా, నేను రెండో సినిమా మధ్యలో ఉన్నాను. నవలల సంగతి ఇప్పుడే చెప్పాలా?

తోకచుక్క:

తమ్ముడూ, నవలల్లో సంగతి అది. నువ్వు చూస్తున్నదాంట్లో ఏమవుతుందో నేను చెప్పలేదు కదా.

సింధూర బిందువు:

లాలా గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? చామనఛాయ, నుదుట బొట్టు. 1979 జపాన్ కార్టూన్లో కథని మలుపు తిప్పే అమ్మాయి అలా ఉంటుందని నేను ఊహించలేదు. బొట్టు కనబడగానే మా అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

లాలా విషయంలో మాత్రం నా ఓటు సినిమాకే. సీరియల్లో న్యూటైప్ (అతీంద్రియ శక్తి ఉన్న మనిషి) అన్న సంగతి ఆలస్యంగా బలపడుతుంది. ఆమె 34వ ఎపిసోడ్లో వస్తుంది, 41లో పోతుంది, మధ్యలో అందరూ హఠాత్తుగా న్యూటైప్ న్యూటైప్ అనడం మొదలుపెడతారు. సినిమాల్లో ఆ విత్తనం ముందే వేశారు కాబట్టి ఆమె వచ్చేసరికి మనం సిద్ధంగా ఉంటాం. ఆ చివరి ఘట్టంలో కొత్తగా గీసిన బొమ్మలు, ఇనోవే డైసుకే పాట, రెండూ కలిసి గుండె పిండేస్తాయి. వైట్‌బేస్‌లోని కాయ్, గూఢచారి అమ్మాయి మిహారుల కథని కూడా రెండో సినిమా పాడుచేయలేదు.

అయితే అమూరో ఓడ వదిలి పారిపోయే భాగం మాత్రం సీరియల్లోనే చూడాలండీ. 17వ ఎపిసోడ్ చివర గన్‌డమ్ తీసుకుని ఎడారిలోకి వెళ్లిపోతాడు. 19లో గానీ తిరిగి రాడు, వచ్చాక కొట్లో వేస్తారు. అప్పటి పిల్లలు వారం వారం ఎదురుచూశారు, హీరో ఇంకా రాలేదని. సినిమాలో వాడు అలిగి వెళ్లి వచ్చినట్టే ఉంటుంది. జియోన్ సేనాని రాంబా రాల్‌ని ఆ ఎడారి హోటల్లో కలిసినప్పుడు వాడు ఎంత ఒంటరిగా ఉన్నాడో తెలియాలంటే ముందు ఆ తిరుగుడంతా మనమూ తిరగాలి.

కోర్‌బూస్టర్:

మరి 15వ ఎపిసోడ్ ఎవరూ తేవడం లేదేం? దోవాన్ దీవి. మొహమాటమా? అందులో జకూ (జియోన్ రోబో) ముక్కు పొడుగ్గా సాగి, ఒళ్లు ఎండుకట్టెలా ఉంటుంది. జపాన్‌లో ఇప్పటికీ దాని మీద జోకులు. టోమినో స్వయంగా అడిగి ఇంగ్లీషు విడుదలలోంచి ఆ ఎపిసోడ్ తీయించేశాడు. కొత్తవాళ్లని కూర్చోబెట్టి ఇది చూపిస్తారా?

నెల్లూరి న్యూటైప్:

చూపిస్తాను. సైన్యం వదిలేసి వచ్చిన జియోన్ పైలట్ దోవాన్, తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని పెట్టుకుని దీవిలో బతుకుతుంటాడు. తుపాకీ లేదు, రాళ్లు విసిరి, పిడికిలితో గుద్ది పోరాడతాడు. చివర అమూరో అతని జకూని తీసుకెళ్లి సముద్రంలో పడేస్తాడు. అది ఉన్నంతకాలం యుద్ధం నిన్ను వెతుక్కుంటూ వస్తుందని. పిల్లలు ముందు కోప్పడతారు. దోవాన్ కోప్పడడు.

బొమ్మలు చెత్తగా ఉన్నాయి, కాదనను. కానీ మీరు గంటకోసారి పేరెత్తే యసుహికో, 2022లో తనే డైరెక్ట్ చేసి పూర్తి నిడివి సినిమా తీసింది దేన్ని? 43లో ఏరి ఏరి ఈ 15నే. మూడు సినిమాల్లో చోటు దొరకని కథకి నలభై ఏళ్ల తర్వాత సొంత సినిమా వచ్చింది.

ఇక్కడే మీ వాదనలో ఒక తిరకాసుంది. టోమినో తీసేసినవన్నీ ఒకే గాటన కట్టకండి. హ్యామర్, జీ-ఆర్మర్, జాక్రెల్లో నచ్చక తీశాడు, సరే. 14లో బాంబులు, 16లో ఉప్పు ఏ స్పాన్సర్ పెట్టించాడు? వాటితో అమ్ముకునే బొమ్మ కూడా లేదు. రెండుంపావు గంటల సినిమాలో పట్టక పోయినవి అవి. మొదటి రకం పోయినందుకు నాకూ సంతోషమే. రెండో రకం పోయాక "కథంతా ఉంది" అనకండి అంటున్నాను.

గన్‌ప్లా గుంటూరు:

మీరు కొట్టుకుంటూ ఉండండి, నేను ఒక పనికొచ్చే ముక్క చెప్తాను. సినిమాలు చూసేవాళ్లు ఏ ఆడియో ఉందో ముందు చూసుకోండి. 2000లో 'స్పెషల్ ఎడిషన్' అని ఒకటి చేశారు. చాలావరకు పాత నటులతోనే మళ్లీ డబ్బింగ్, కొత్త సౌండ్ ఎఫెక్టులు. ఇరవై ఏళ్లు పెద్దవాళ్లయిన గొంతులు, పాత బొమ్మలకి అతకని తుపాకీ చప్పుళ్లు. అభిమానులు గోల చేశారు, తర్వాతి డీవీడీల్లో పాత ఆడియోనే తెచ్చారు. అమెరికాలో మొదట వచ్చిన డీవీడీలు ఆ స్పెషల్ ఎడిషనే కాబట్టి అవి ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. సినిమాలు బాగోలేదని తిట్టేవాళ్లలో సగం మంది అవి చూసినవాళ్లేనని నా అనుమానం.

ఇంకొకటి, యసుహికో గీసిన 'ది ఆరిజిన్' మాంగా (జపాన్ కామిక్) కూడా ఉంది, 2001 నుంచి 2011 దాకా వచ్చింది. ఇదే కథ, తీరిగ్గా, ఒకే చేతి గీత. దాని మీద వచ్చిన ఆరు యానిమేషన్ భాగాల్లో జియోన్ పైలట్ షార్ పాత కథ మాత్రమే ఉంది. అవి చూసి అసలు కథ చూసేశాం అనుకోకండి.

కోర్‌బూస్టర్:

న్యూటైప్ గారూ, రెండు రకాల కోతలు అన్నారు, బాగుంది. కానీ రెండో రకానికి కూడా కారణం నిడివి ఒక్కటే కాదు. మొదటి సినిమా ఎక్కడ ఆపాడో చూడండి. జియోన్ రాజకుమారుడు గార్మా చనిపోయాక అతని అన్న గిరెన్ లక్షల మంది ముందు చేసే ఉపన్యాసం, దాంతో ముగింపు. సీరియల్లో అది 12వ ఎపిసోడ్ చివర వస్తుంది, మరుసటి వారం అమూరో వాళ్ల అమ్మని చూడటానికి వెళ్తాడు. సినిమాలో అమ్మ దగ్గరికి ముందే పంపించేసి, ఉపన్యాసాన్ని ఆఖర్న పెట్టాడు. చోటు చాలని వాడు చేసే పని కాదది. ఇది వేరే నిర్మాణం. ఆ వరసలో ఉపన్యాసం తర్వాత మీ 14వ ఎపిసోడ్ ఎక్కడ పెడతారు? ఎక్కడ పెట్టినా సినిమా కూలబడుతుంది.

నెల్లూరి న్యూటైప్:

అందుకే కదా, దాన్ని వేరే పనిగా చూడమంటున్నాను, సీరియల్‌కి బదులుగా కాదు.

ఫస్ట్‌టైమర్_97:

అన్నా, నాకు ఒక్క డౌట్. రెండో సినిమా పూర్తి చేసి సీరియల్‌కి వెళ్లనా, ఇప్పుడే ఆపేయనా?

వైట్‌బేస్ క్యాంటీన్:

పూర్తి చెయ్. తర్వాత 14, 15, 16 వరసగా పెట్టుకో, గంటా పావులో అయిపోతాయి. నచ్చితే ఒకటి నుంచి మొదలుపెట్టు.

కోర్‌బూస్టర్:

15 తప్ప.

సింధూర బిందువు:

15తో సహా. ముక్కు చూసి నవ్వుకో, ఏం ఫరవాలేదు.