గోలీల రోజే రెటీనా (కంటి వెనక పొర) ఫొటో: వరుస ఎట్ల పెట్టుకోవాలె, ఎవరిని ఎంత తొందరగ పంపాలె?

నర్సంపేట_స్టాఫ్‌నర్స్:
మా ఎన్‌సీడీ (దీర్ఘకాలిక రోగాల) క్లినిక్‌కు నెలనెలా షుగర్, బీపీ గోలీల కోసం వస్తరు. కండ్ల పరీక్షకు వరంగల్ పొమ్మని చీటీ రాసిస్తే చాలామంది పోతలేరు. "కంటి వెలుగుల చూసిన్రు, అద్దాలిచ్చిన్రు, మంచిగనే కనిపిస్తుంది" అంటరు. పోయొచ్చినోళ్ల కాగితంల ఏమున్నదో మాకు సమజ్ కాదు. మా దగ్గరి షుగర్ లెక్కలు అక్కడి డాక్టర్‌కు తెల్వయి. ఇప్పుడు నెలకొకసారి రెటీనా ఫొటో తీసే ఫండస్ కెమెరా తెప్పిస్తున్నం. పద్ధతి చెప్పుండ్రి.

ఆప్టోమెట్రిస్ట్_హన్మకొండ:
మేడం, గోలీల రోజునే పెట్టండి. వేరే తేదీ ఇస్తే మళ్లీ రారు.

పరగడుపు రక్తం తీసుకున్నాక మొదట తినిపించి, గోలీలు వేయించండి. కంటి పాపను పెద్దగ చేసే చుక్కల కోసం ఖాళీ కడుపుతో కూర్చోబెడితే షుగర్ పడిపోతుంది. తర్వాత 6 మీటర్ల చార్టుతో చూపు రాయండి: ఉన్న అద్దాలతో ఒకసారి, పిన్‌హోల్‌తో (సన్న రంధ్రమున్న మూతతో) ఒకసారి. చుక్కలు వేశాక రాసిన చూపు లెక్కకు రాదు.

గదిని చీకటి చేసి ఐదు నిమిషాలు ఆగండి. ఒక్కో కంటికి రెండు ఫొటోలు కావాలి, ఒకటి మాక్యులా (రెటీనాలో సూటి చూపునిచ్చే నడిమి భాగం) నడిమిట్ల, ఇంకోటి డిస్క్ (కంటి నరం మొదలయ్యే చోటు) నడిమిట్ల. ఒక కంటికి ఫ్లాష్ కొడితే రెండు కండ్ల పాపలూ ముడుచుకుంటాయి, అందుకే రెండో కంటికి పోయేముందు మళ్లీ కాసేపు ఆగాలి. ఈ ఓపిక లేకనే సగం ఫొటోలు అంచుల్లో నల్లబడతాయి.

ఫొటో మసకగా వస్తే పాపను పెద్దగ చేసే ట్రోపికమైడ్ ఒక్కో చుక్క వేసి 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. వేసేముందు కణత వైపు నుంచి టార్చ్ కొట్టి చూడండి. ముక్కు వైపు నల్లగుడ్డు మీద నీడ పడితే కంటి ముందు భాగం ఇరుకుగా ఉన్నట్టు, చుక్క వేయొద్దు, నేరుగా పంపండి. చుక్క పడ్డవాళ్లకు నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది. బండి నడపనీయొద్దు, తోడు మనిషి ఉండాలె.

చుక్క వేసినా మసకే వస్తే, శుక్లం ఉన్నవాళ్లకు తరచూ అట్లనే అవుతుంది, "నార్మల్" అని మాత్రం రాయకండి. "ఫొటో చదవడానికి రాలేదు" అని రాసి పంపండి. ఈ ఒక్క మాట తప్పు రాసినందుకే కండ్లు పోతాయి.

6/6 (చార్టు మీద మామూలు చూపు) కనిపించేవాళ్లకు కూడా రెటీనాలో రక్తపు మచ్చలు ఉండొచ్చు. వాళ్ల ఫొటో వాళ్లకే స్క్రీన్ మీద చూపించండి. చీటీ కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది.

ఫిజీషియన్_ములుగు:
రెటీనాలో షుగర్ దెబ్బ ఏమీ లేకుంటే ఏడాదికి మళ్లీ ఫొటో. కొద్దిగా ఉంటే 6 నుంచి 12 నెలలు, మధ్యస్థమైతే 3 నుంచి 6 నెలలు. తీవ్రమైన దశ, రెటీనా మీద అసహజంగా పుట్టే కొత్త రక్తనాళాలు, మాక్యులా వాపు కనిపిస్తే నెల దాటనీయొద్దు. ఒక్కసారిగా చూపు తగ్గినా, నల్లటి తెర అడ్డం వచ్చినా ఆ రోజే పంపాలి. గర్భిణికి ముందునుంచే షుగర్ ఉంటే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి.

చీటీ వెనక హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) తేదీతో సహా, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్, వాడే మందులన్నీ రాయండి. గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉంటే తప్పకుండా. కంటి ఇంజెక్షన్ నిర్ణయం దాని మీద ఆధారపడుతుంది. పయోగ్లిటజోన్ అనే షుగర్ గోలీ వాడుతూ మాక్యులా వాపు ఉంటే ఆ మందు మార్చే సంగతి ఆలోచించాలి. రక్తం తక్కువున్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టిస్తుంది, రక్తహీనత వల్ల రెటీనా ఇంకా దెబ్బతింటుంది.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి. చాలా ఎక్కువున్న షుగర్‌ను ఇన్సులిన్‌తో వేగంగా దించితే మొదటి నెలల్లో రెటీనోపతి (రెటీనాకు షుగర్ దెబ్బ) పెరగొచ్చు. ఇన్సులిన్ ఆపకండి. మొదలుపెట్టేముందు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి కండ్లు చూపించండి.

రెటీనా_కౌన్సిలర్:
వరంగల్ ప్రభుత్వ ప్రాంతీయ కంటి దవాఖానకు పంపేటప్పుడు పత్తి ఏరే నెలల్లో పేషెంట్ రాగలడా లేదా అన్నది కూడా చీటీల రాయండి. ఇది చిన్న విషయం కాదు. కొత్త రక్తనాళాలకు ఇంజెక్షన్లు మాత్రమే తీసుకుని మధ్యల మానేసినవాళ్ల కన్ను, లేజర్ చేయించుకుని మానేసినవాళ్ల కన్నా ఎక్కువ చెడిపోతుంది. రాలేనని ముందే తెలిస్తే డాక్టర్ లేజర్ వైపు మొగ్గుతారు. లేజర్‌తో చూపు పెరగదు, ఉన్న చూపు నిలబడుతుందని కూడా ముందే చెప్పండి. లేకుంటే "ఏం ఫాయిదా లేదు" అని రెండో సిట్టింగ్‌కు రారు.

నర్సంపేట_స్టాఫ్‌నర్స్:
ఇంజెక్షన్ రోజు గోలీలు ఆపాల్నా?

రెటీనా_కౌన్సిలర్:
వద్దు. మత్తు చుక్కలతోనే వేస్తరు, తిని గోలీలు వేసుకునే రావాలె. ఆస్పిరిన్ కూడా ఆపే పని లేదు. తర్వాతి వారం మాత్రం కనిపెట్టుకుని ఉండండి: నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గితే ఇన్ఫెక్షన్ కావొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా అదే దవాఖానకు తోలాలె. ఆశా కార్యకర్త మూడో రోజు ఒక ఫోన్ చేస్తే చాలా కండ్లు దక్కుతయి.