సెల్యులైట్: ఇంట్లో రుద్దితే తగ్గుతుందా, డబ్బు దండగా?

బండ్ మీద నడక
భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచే మా జట్టులో మొదలైన వాదన ఇది. అక్కడ తెగలేదు కాబట్టి ఇక్కడ, ఈ ఆన్‌లైన్ గ్రూపులో పెడుతున్నాను. తొడల వెనక, పిరుదుల కింద చర్మం గుంటలు పడి ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది కదా, ఆ సెల్యులైట్ గురించి. ఒకామె కాఫీపొడి, కొబ్బరినూనె, నిమ్మరసం కలిపి రుద్దుకుంటోంది. ఇంకొకామె హన్మకొండలో ఏదో పార్లర్‌లో ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేసింది. మూడో ఆమె ఇదంతా పనిలేని పని అంటోంది. ఇంట్లో చేసుకునేవాటిలో నిజంగా ఏదైనా పనిచేస్తుందా? ‘మా పిన్నికి తగ్గింది’ అని కాకుండా, ఎందుకు తగ్గుతుందో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

నలుగుపిండి
ఎందుకు తగ్గదు? వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలో, దినచర్య చెప్పే అధ్యాయంలోనే, ఉద్వర్తనం గురించి రాశాడు. పొడితో ఒళ్లు రుద్దడం కఫాన్ని హరిస్తుందని, మేదస్సును, అంటే కొవ్వును, కరిగిస్తుందని, అవయవాలకు బిగువునిస్తుందని, చర్మానికి కాంతినిస్తుందని. మన ఇళ్లలో పండగ పూట పెట్టే నలుగు దీని చెల్లెలే. ఉలవలు దోరగా వేయించి, మరీ మెత్తగా కాకుండా కొంచెం రవ్వగా పట్టించండి. నూనె లేకుండా, పొడిగానే, మోకాలి దగ్గర మొదలుపెట్టి పైకి రుద్దాలి. పైనుంచి కిందికి కాదు. చర్మం వెచ్చబడి ఎర్రబడేదాకా. తర్వాత గోరువెచ్చని నీళ్లు. నేను చాలామందికి చేశాను, తేడా కంటికి కనబడుతుంది.

మందుల షాపు, సుబేదారి
ఈ ట్యూబులు అమ్మేది నేనే, అయినా చెబుతున్నాను. చర్మానికీ దాని కింది కండరానికీ మధ్య నారపట్టీలు ఉంటాయి. వాటి మధ్య గదుల్లో కొవ్వు ఉంటుంది. పాత దూదిపరుపు చూడండి: దారం లాగి ముడివేసిన చోట గుంట, పక్కన దూది ఉబ్బు. ఇక్కడా అంతే, కొవ్వు పైకి తోస్తుంది, పట్టీ కిందికి లాగుతుంది. రుద్దితే దూది కాస్త సర్దుకుంటుందేమో గానీ దారం తెగదు.

ఆ పట్టీలనే కరిగించే క్యువో అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో మందులను ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ 2020లో అనుమతి ఇచ్చింది. వేసిన చోట చర్మం బాగా కమిలిపోవడం, ఆ మచ్చలు చాలాకాలం ఉండిపోయే ప్రమాదం ఉండటంతో 2022 చివర్లో కంపెనీయే తయారీ ఆపేసింది. సూదితో లోపలికి పంపిన మందుకే ఇన్ని తిప్పలు. స్నానానికి ముందు పూసి కడిగేసుకునే కాఫీపొడి ఏ దారం తెంపుతుంది?

క్రీముల సంగతి కూడా చెబుతాను. కాఫీలో ఉండే కెఫీన్ కలిపిన జెల్ రాస్తే చర్మం కింది నీరు కాస్త తగ్గి కొన్ని గంటలు బిగువుగా కనిపిస్తుంది. మానేస్తే మళ్లీ మామూలే. రెటినాల్ (విటమిన్ ఎ రకం) 0.3 శాతం ఉన్నది నెలల తరబడి క్రమం తప్పకుండా రాస్తే చర్మం కొద్దిగా మందమై గుంట కొంత కప్పబడవచ్చు. అది కూడా కొంతే. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దాని జోలికే వెళ్లకూడదు. ఇక ట్యూబు మీది రాత: ‘తగ్గిస్తుంది’ అని ఉండదు, ‘తగ్గినట్లు కనిపించడానికి తోడ్పడుతుంది’ అని ఉంటుంది. దాని పక్కన ఒక చుక్క గుర్తు. ఆ చుక్కకు వివరణ అట్ట అడుగున, భూతద్దం పెడితే కనిపించేంత.

కాజీపేట జంక్షన్
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకూ పొట్టలున్నాయి, తొడలున్నాయి. మగవాళ్లకు ఈ గుంటలు అంతగా ఎందుకు రావు?

మందుల షాపు, సుబేదారి
మగవాళ్లలో ఆ పట్టీలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి, కొవ్వు పైకి పొడుచుకు రాలేదు. ఆడవాళ్లలో ఎక్కువగా నిలువుగా ఉంటాయి. చర్మమూ పలచన. ఈడు వచ్చిన ఆడవాళ్లలో 80 నుంచి 90 శాతం మందికి ఎంతో కొంత ఉంటుంది, సన్నగా ఉన్నవాళ్లతో సహా.

మూడో ఆమె
పనిలేని పని అన్నది నేనే, ఇక్కడా అంటాను. నూటికి ఎనభై తొంభై మందికి ఉన్నదాన్ని లోపం అని ఎవరు తేల్చారు? 1968లో వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక రాసేదాకా అమెరికాలో సామాన్య ఆడవాళ్లకే దీని పేరు పెద్దగా తెలియదు. అది ఇప్పుడు హన్మకొండ చౌరస్తాకు వచ్చింది.

నమ్మకపోతే ఈ పని చేయండి. బాత్‌రూమ్‌లో నడినెత్తిన బల్బు ఉన్నచోట అద్దంలో చూసుకోండి. తర్వాత కిటికీకి ఎదురుగా నిలబడి, వెలుతురు నేరుగా ఒంటిమీద పడేలా చూసుకోండి. మొదటి చోట ప్రతి గుంటకూ నీడ ఉంటుంది, రెండో చోట సగం మాయం. ఏ క్రీమూ రాయకుండానే! పార్లర్ గోడ మీది ‘ముందు’, ‘తర్వాత’ ఫొటోల్లో వెలుతురు ఎటునుంచి పడిందో, మనిషి ఎలా నిలబడిందో చూడండి. ప్యాకేజీ కథ అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో తమాషా. చర్మం రంగు ముదురుగా ఉంటే ఇవి తక్కువగా తెలుస్తాయి. అందుకే తెల్లవాళ్లను రంగు తెచ్చే లోషన్ రాసుకోమంటారు అక్కడి చర్మవైద్యులు. మనం మాత్రం తెల్లబడే క్రీమూ, గుంటలు పోయే క్రీమూ ఒకే బుట్టలో వేసుకుని బిల్లు కడతాం.

పద్మాక్షి మెట్లు
అక్కా, లోపం కాదని ఒప్పుకుంటాను. కానీ నాకు కాస్త తగ్గితే బాగుండు అనిపిస్తే అది కూడా తప్పేనా? జుట్టుకు రంగు వేసుకునేవాళ్లను ఎవరూ ఇలా నిలదీయరు.

నేను వ్యాయామం నేర్పుతాను. పట్టీలను కదిలించలేం, నిజమే. కింద కండరం నిండుగా ఉంటే పైన చర్మం కొంచెం బిగువుగా పరుచుకుంటుంది. అందుకు నడక ఒక్కటే చాలదు. బడిలో శిక్షగా తీయించిన గుంజీళ్లే ఇప్పుడు మందు, చేతిలో నీళ్ల సీసాలు పట్టుకుని నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేవాలి. పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కండి, పాదం మొత్తం మెట్టు మీద ఆనించి పిరుదులతో ఒంటిని పైకి నెట్టండి. మునివేళ్ల మీద ఎక్కితే భారమంతా పిక్కల మీదే పడుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లు నిదానంగా తగ్గితే మేలు. పస్తులుండి గబగబా తగ్గితే చర్మం వదులై గుంటలు ఇంకా బయటపడతాయి. పూర్తిగా పోతాయని మాత్రం నేనెవరికీ మాట ఇవ్వను.

తెల్లకోటు
నర్సుగా ఒక్క మాట. ఒక కాలే ఉబ్బితే, వేలితో నొక్కిన చోట గుంట నిలిచిపోతే అది సెల్యులైట్ కాదు, బోదకాలు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. రెండు కాళ్లూ తుంటి నుంచి చీలమండదాకా లావెక్కి, పాదాలు మాత్రం మామూలుగా ఉండి, ముట్టుకుంటే నొప్పి, తేలిగ్గా కమలడం ఉంటే అది లిపిడిమా అనే, కొవ్వు అసహజంగా పేరుకునే జబ్బు కావచ్చు, ఎంత కడుపు మాడ్చుకున్నా తగ్గదు. చర్మం ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్. అప్పుడు ఏ పిండీ రుద్దకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు గరుకు పొడులతో చర్మం గీరుకుపోయేలా రుద్దుకోవద్దు.

నలుగుపిండి
జబ్బుల సంగతి ఒప్పుకున్నాను. కానీ మందుల షాపు గారూ, నేను కంటితో చూసిన తేడా సంగతేమిటి?

మందుల షాపు, సుబేదారి
తేడా లేదని నేను అనలేదు. గట్టిగా రుద్దితే ఆ చోటికి రక్తం చేరుతుంది, చర్మం కొంచెం వాస్తుంది, గుంట పూడినట్లు కనిపిస్తుంది. మృతకణాలు పోయి పైన నునుపూ వస్తుంది. మీరు చూసింది స్నానమైన వెంటనే. మర్నాడు పొద్దున, రుద్దకముందు చూశారా? వాగ్భటుడు చెప్పిన బిగువు, కాంతి వరకు నేను మీతోనే ఉన్నాను. మేదస్సు దగ్గరే పేచీ. పైన రుద్దితే ఆ చోటి కొవ్వు కరిగిపోదు.

నలుగుపిండి
మర్నాడు చూడలేదు, ఇప్పుడు చూస్తాను. అయినా నేను పిండి మానను. కిలో ఉలవలకు అయ్యేదెంత, మీ ట్యూబు ధరెంత?

మందుల షాపు, సుబేదారి
మానమని ఎవరన్నారు? నిమ్మరసం ఒక్కటి తీసేయండి. అది పూసుకుని ఎండలోకి వెళ్లి తొడలు బొబ్బలెక్కి, ఆ మచ్చలు నల్లగా మిగిలి మా షాపుకు వచ్చినవాళ్లు ఉన్నారు.

నలుగుపిండి
నిమ్మరసం కలపమని నేనెక్కడ అన్నాను? పైకి వెళ్లి చదవండి. అది కాఫీపొడి వాళ్ల నిర్వాకం.