అప్‌డేట్: మా అన్న అప్పీలు తీర్పు వచ్చింది

అందరికీ నమస్తే. మా పెదనాన్న కొడుక్కి హత్య కేసులో యావజ్జీవం పడింది, కళ్ళతో చూసిన సాక్షి ఒక్కరూ లేరు, చివరిసారి అన్న, చనిపోయినతను ఇద్దరూ కలిసి కనపడ్డారన్న మాట మీదే శిక్ష వేయొచ్చా అని అడిగాను కదా. నిన్న హైకోర్టు శిక్ష కొట్టేసింది!

1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన శరద్ బిర్దీచంద్ సార్దా తీర్పు చదవమన్నారు ఒకరు, వారికి దండాలు, మా లాయర్ గారూ దాని మీదే నిలబడ్డారు. చూసిన సాక్షి లేనప్పుడు, ఆ తీర్పు ప్రకారం ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువవ్వాలి, అన్నీ కలిపితే ఇతను తప్ప ఇంకెవరూ చేసి ఉండరు అన్నట్టు గొలుసు కుదరాలి, 'చేసి ఉండొచ్చు' అంటే సరిపోదు. మా కేసులో టీ కొట్టతను వాళ్ళని చూసింది సాయంత్రం ఆరింటికి, శవం దొరికింది మూడో రోజు పొద్దున, మధ్యలో ఆ చెరువు గట్టు మీద ఎవరెవరు తిరిగారో ఎవరికి తెలుసు? ఇక కత్తి పంచనామా (కత్తి దొరికిందని సాక్షుల ముందు పోలీసులు రాసే కాగితం), సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకాయన తెల్ల కాగితం మీద పెట్టించారని మా లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే ఒప్పుకున్నాడు, కింద కోర్టు అది పట్టించుకోనే లేదు. తనకి మాత్రమే తెలిసిన సంగతి తనే రుజువు చేయాలనే పాత ఎవిడెన్స్ యాక్ట్ 106 సెక్షన్ కింద ఏం జరిగిందో ముద్దాయే చెప్పాలని పీపీ (ప్రభుత్వ లాయర్) అన్నారు, ముందు ప్రాసిక్యూషన్ తన కేసు రుజువు చేసుకోవాలి అంది బెంచ్.

విజయవాడ హాస్టల్ కేసులో (ఆయేషా మీరా హత్య) శిక్ష పడిన సత్యం బాబు 2017లో నిర్దోషి అని తేలేసరికి ఆ అబ్బాయికి జైల్లో ఎనిమిదేళ్లు పోయాయి, అది విన్నప్పటి నుంచి పెద్దమ్మకి నిద్ర లేదు.

చనిపోయినతను కూడా మా ఊరోడే, వాళ్ళమ్మ మొహం చూడలేకపోతున్నా, అసలు చేసిందెవరో ఇంకా తేలలేదు. ఆర్డర్ కాపీ జైలుకి చేరాలంట, రేపు పెద్దమ్మని తీసుకుని వెళ్తున్నాం.