హాజ్‌కీ వర్క్‌డ్‌కీ మధ్య ఎంత సరుకు పడుతుంది?

కర్నూలు ట్యూషన్ టీచర్:
తొమ్మిదో తరగతి పిల్లవాడు 'మై ఫాదర్ హాజ్ ఫర్ ద లాస్ట్ టెన్ ఇయర్స్ వర్క్‌డ్ ఇన్ కర్నూల్' అని రాశాడు. బడిలో సారు ఎర్ర ఇంకుతో కొట్టేశాడు. హాజ్ పక్కనే వర్క్‌డ్ ఉండాలట, మధ్యలో ఏదీ దూరకూడదట. నేనేమో 'తప్పు కాదు నాయనా, బరువు' అన్నాను. చెప్పాక నాకే టెన్షన్. మీరేమంటారు?

అనంతపురం ఆఫీసు:
సారుదే కరెక్టు మేడం. పిల్లలకు ఒకటే రూల్ ఉండాలి. మధ్యలో పెట్టొచ్చంటే రేపు 'ఐ హావ్ యెస్టర్‌డే సఫర్డ్ ఫ్రమ్ ఫీవర్' అని లీవ్ లెటర్ ఇస్తారు. నేను రోజూ చూస్తున్నవే.

కడప రిటైర్డ్ టైపిస్టు:
ఏమప్పా, రెండు జబ్బులకు ఒకే మాత్ర ఇస్తున్నావు. యెస్టర్‌డేని వాక్యం చివరికి నెట్టినా అది తప్పే. గడిచి ముగిసిపోయిన కాలం పేరు చెప్పాక హావ్ రాదు. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని. అక్కడ 'హాజ్ బీన్' అంటే ఏ మాటను ఎటు జరిపినా కుదరదు, 'వాజ్' అనాల్సిందే.

ఇక మధ్యలో ఏదీ రాకూడదంటే ఆల్‌రెడీ, జస్ట్, నెవర్ ఎక్కడ పెడతావు? 'ద రోడ్ హాజ్ రీసెంట్లీ బీన్ రిపేర్డ్'. సహాయక క్రియలు రెండుంటే మొదటిదాని వెనకే చోటు. రాజ్యాంగ పీఠికలో 'హావింగ్ సాలెమ్లీ రిజాల్వ్‌డ్' అని లేదా? కాలం మాట కాదులే, అయినా దూరింది కదా. మధ్యలో పెట్టడమే మామూలు, ఇంకెక్కడైనా పెడితేనే కారణం చూపాలి అని ఫౌలర్ అనే ఆయన తన ఇంగ్లిష్ వాడుక నిఘంటువులో 1926లోనే రాశాడు.

అనంతపురం ఆఫీసు:
ఒక్క మాటైతే సరే సార్. 'ఫర్ ద లాస్ట్ టెన్ ఇయర్స్' ఐదు మాటలు! ముగ్గురి సీట్లో ఐదుగురిని ఎక్కించినట్టుంది.

కర్నూలు ట్యూషన్ టీచర్:
నాకు ఇంకోటి తోచింది. తెలుగులో కాలం ముందు వస్తుంది, పని తర్వాత వస్తుంది: 'పదేళ్లుగా పని చేస్తున్నాడు'. పిల్లవాడు ఆ అలవాటుతోనే రాశాడు. 'చేసి ఉన్నాడు' అనే మాటను మనం విడదీయం, 'చేసి పదేళ్లుగా ఉన్నాడు' అనం. సారుకు ఆ అలవాటు. ఇద్దరూ తెలుగువాళ్లే!

కడప రిటైర్డ్ టైపిస్టు:
బాగా పట్టావమ్మా. ఐదు మాటలు బరువే, ఒప్పుకుంటా. చదివేవాడు హాజ్ దగ్గర ఊపిరి బిగబట్టి వర్క్‌డ్ దాకా ఈదాలి. కానీ ఒక్కోసారి ఆ బరువు మోయక తప్పదు. కోర్టు కాగితాలు టైప్ చేసిన చేతులివి, చూడండి: 'హి హాజ్ బీన్ సేయింగ్ దట్ హి విల్ పే ఫర్ త్రీ ఇయర్స్'. మూడేళ్లుగా కడతానంటున్నాడా, మూడేళ్ల పాటు కడతానంటున్నాడా? అప్పిచ్చినవాడికి ఈ తేడా చిన్నది కాదు. 'హి హాజ్ ఫర్ త్రీ ఇయర్స్ బీన్ సేయింగ్' అంటే పేచీ లేదు.

అనంతపురం ఆఫీసు:
అప్పు సంగతి బాగుంది సార్. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఎవరికీ అప్పివ్వలేదు కదా. ఇంతకీ ఆ సారుకు ఎవరు చెప్తారు మేడం?

కర్నూలు ట్యూషన్ టీచర్:
నేనైతే చెప్పను. పరీక్షలు అయ్యేదాకా టెన్ ఇయర్స్‌ని చివర్లోనే రాయమన్నాను. ఆల్‌రెడీని మాత్రం కదపొద్దన్నాను.