బాల్ పైథాన్ ట్యాంకుకు వేడి కింది నుంచా, పై నుంచా?

జయపురం:
నా దగ్గర రెండేళ్ల బాల్ పైథాన్ (ఒక రకం కొండచిలువ) ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ పరివేష్‌లో రిజిస్టర్ చేయించాను. మూడడుగుల గాజు ట్యాంకు. ఈ చలికి ట్యాంకు కింద పరిచే హీట్ మ్యాట్ కొనాలా, పై నుంచి వేడినిచ్చే సిరామిక్ హీటరా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే టెన్షన్‌గా ఉంది.

బరంపురం:
మ్యాట్ చాలు తమ్ముడూ. నాలుగేళ్లుగా అదే వాడుతున్నాను. కరెంటు తక్కువ, గాలీ ఎండిపోదు. ఈ పాముకు తేమ 60 శాతం దాకా ఉండాలి. సిరామిక్ పెట్టిన మిత్రుడి పాము కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. నేనే కళ్లారా చూశాను.

సునాబెడ:
అన్నా, మీది సముద్రం పక్క ఊరు. మాది దాదాపు 900 మీటర్ల ఎత్తు. మ్యాట్ తన మీదున్న నేలనే వేడి చేస్తుంది, గాలిని కాదు. మొదటి చలికాలం నేనూ మ్యాట్ ఒక్కటే పెట్టాను, అదీ థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేకుండా. ట్యాంకులో గాలి 19 డిగ్రీలు. వెచ్చదనం కోసం పాము అడుగున పరిచిన కొబ్బరి పొట్టును పక్కకు తోసేసి, ఉత్త గాజు మీదే చుట్ట చుట్టుకునేది. ఓ పొద్దున చేతిలోకి తీసుకుంటే పొట్ట కింద నాలుగు పొలుసులు గోధుమరంగుకు తిరిగి, అంచులు లేచి ఉన్నాయి. గాజు వేడి కొలిస్తే 46! అంత కాలుతున్నా అది అక్కడి నుంచి కదల్లేదు. వైద్యానికి విశాఖ దాకా తీసుకెళ్లాను. మూడు కుబుసాలు విడిచాక గానీ మచ్చ పోలేదు.

ఇప్పుడు ఒక మూల పైన సిరామిక్, పాము చుట్టుకోకుండా దానికి ఇనుప జాలీ. హోల్డరు పింగాణీదే ఉండాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. వెచ్చని వైపు 32, చల్లని వైపు 26. తేమ కోసం పైమూత ముప్పావు వంతు ఫాయిల్‌తో కప్పి, నీళ్ల గిన్నె వెచ్చని వైపు పెట్టాను. కుబుసం ఒకే తొడుగులా వస్తోంది.

బరంపురం:
థర్మోస్టాట్ లేకుండా ఏదీ పెట్టకూడదు, అది నిజం. నా మ్యాట్‌కు మొదటి నుంచీ ఉంది. దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ) కదిలిపోకుండా టేపు వేశాను. కానీ మీ వైపు కరెంటు పోతే? మ్యాట్ అయితే చిన్న ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తుంది.

సునాబెడ:
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే మూడు వైపులా థర్మోకోల్ అంటించాను. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి లోపల పెడతాను. చలి ఎక్కువున్న వారం మేత వేయను. వేడి అందకపోతే అరగక కక్కేస్తుంది.

జయపురం తమ్ముడూ, ముందు గదిలో థర్మామీటర్ పెట్టి తెల్లవారుజామున చూడు. 20 కిందికి పోతుంటే మ్యాట్ ఒక్కటే సరిపోదు.

జయపురం:
ఈ రోజు 5 గంటలకు చూశాను, 14. సిరామిక్, థర్మోస్టాట్ ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేదాకా ట్యాంకు రూమ్ హీటర్ ఉన్న నా పడకగదిలోనే. మేత ఆపేశాను.