‘గుండె వాపు’ అని చెప్తే పేషెంటుకి ఏం అర్థమవుతోంది?

ప్రశ్న: ఈ గ్రూపులో డాక్టర్లూ ఉన్నారు, నిఘంటువులు తిరగేసేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలకి పాఠం చెప్తాను, చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళే. పెరికార్డైటిస్, మయోకార్డైటిస్, ఎండోకార్డైటిస్ మూడూ గడగడా అప్పజెప్తారు, కానీ వార్డులో పేషెంటు వాళ్ళమ్మ ‘మావాడికి ఏమైందమ్మా’ అంటే మూడింటికీ ఒకటే జవాబు, గుండె వాపు అని. ఆవిడేమో గుండె పెరిగిపోయిందనుకుని శోకాలు. ఈ మూడు పేర్ల చివర ‘ఐటిస్’ అంటే ఇన్‌ఫ్లమేషన్, దానికి వాపు కన్నా మంచి మాట లేదా?

— శోథ ఉందిగా అండీ. హృదయావరణ శోథ అని పుస్తకాల్లో చూశా.

— పరీక్షలో రాసుకోడానికి బావుంటుంది. కానీ శోథ అన్నా వాపేగా, ఆయుర్వేదంలో కాళ్ళు పొంగినా శోథే అంటారు. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

— పోనీ మంట అంటే? ఇంగ్లీషు మాటలో కూడా నిప్పే ఉంది.

— వద్దు బాబూ! గుండెల్లో మంట అంటే మా ఇంట్లో వెంటనే సోడా తెస్తారు 😀

— కార్డియాలజీ వార్డులో చాలాకాలం చేశానండీ, నా మాట ఏంటంటే వాపు అనే మాటతో గొడవ లేదు, ఎక్కడ వాచిందో చెప్పకపోవడంతోనే గొడవంతా. ‘గుండె చుట్టూ ఉన్న పొర వాచింది’ అనండి, పెరికార్డైటిస్ అయిపోయింది, పడుకున్నా గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పి ఎక్కువై ముందుకి వంగి కూర్చుంటే ఎందుకు తగ్గుతుందో కూడా దాన్ని బట్టే చెప్పొచ్చు. ఆ పొరలో నీరు చేరి గుండెని నొక్కేస్తే బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గుండె చప్పుడు దూరంగా వినిపిస్తుంది, అప్పుడు మాటలు వెతుక్కోకుండా డాక్టర్ని పిలవాలి. మయోకార్డైటిస్‌కి ‘గుండె కండరం వాచింది’ చాలు. ఎక్కువగా వైరస్ వల్లే వస్తుంది, కుర్రాళ్ళకి జ్వరం తగ్గగానే క్రికెట్‌కి పోతామంటారు, కండరం అనే మాట వింటేనే రెస్ట్ ఎందుకో తలకెక్కుతుంది, 3 నుంచి 6 నెలలు గట్టి వ్యాయామం వద్దంటారు మరి. ఎండోకార్డైటిస్‌కి మాత్రం నేను వాపు అనే మాటే వాడను. ‘గుండె కవాటాల మీద ఇన్‌ఫెక్షన్ గూడు కట్టింది’ అంటాను, ఆ గూడులోంచి ముక్క ఊడి మెదడుకి పోవచ్చు అని కూడా చెప్తాను. వాపు అని వదిలేస్తే నాలుగో రోజు జ్వరం తగ్గగానే డిస్చార్జి అడుగుతారు, నరానికి యాంటీబయాటిక్ మామూలుగా 4 నుంచి 6 వారాలు పడాలి. అన్నట్టు మీ పిల్లలకి చెప్పండి, బ్లడ్ కల్చర్లు (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్షకి శాంపిళ్ళు) తీశాకే యాంటీబయాటిక్ మొదటి డోసు, విడివిడి చోట్ల నుంచి కనీసం రెండు మూడు సెట్లు తీయాలి.

— వాపుని చూసి బలుపు అనుకున్నారనే సామెత విన్నాం, ఇక్కడ వాపు అంటేనే పెరగడం అనుకుంటున్నారు. మయోకార్డైటిస్ ముదిరితే గుండె నిజంగానే సాగి పెద్దదవుతుంది కాబట్టి ఆ తల్లి భయం పూర్తిగా తప్పు కూడా కాదు.

— రుమాటిక్ గుండె జబ్బు సంగతి కూడా చూడండి. ‘కీళ్ళవాతం గుండెకెక్కింది’ అంటారు, అది ముసలాళ్ళ జబ్బు కదా, పదేళ్ళ పిల్లకి ఏంటని నమ్మరు. అసలు మొదలయ్యేది స్ట్రెప్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పితో, రెండు మూడు వారాలకి కీళ్ళ నొప్పులు, గుండెకి దెబ్బ. మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించాలి, కీళ్ళు తగ్గాయి కదా అని మానేస్తే మళ్ళీ వస్తుంది. ‘గొంతు జ్వరం వల్ల వచ్చిన గుండె జబ్బు’ అంటే సూదికి వస్తారు.

ప్రశ్న అడిగిన నేనే: గొంతు జ్వరం బావుంది, రేపట్నుంచి అదే. ఇంకొక్కటి, ఫ్రిక్షన్ రబ్‌ని, అదే పెరికార్డైటిస్‌లో స్టెత్‌లో వినిపించే రాపిడి చప్పుడుని, పిల్లలకి ఏమని చెప్పాలి?

— కిర్రు చెప్పులేసుకుని నడిచే చప్పుడు అనండి. ముందుకి వంగమని, ఊపిరి వదిలి బిగపట్టమని, రొమ్ము ఎముక ఎడమ అంచున స్టెత్ డయాఫ్రమ్ గట్టిగా ఆనించి వినాలి. ఊపిరి ఆపినా కిర్రుమంటోందంటే అది పెరికార్డియం, ఆగిపోతే ఊపిరితిత్తుల పొర.