సెంట్రల్ ఫండ్‌కి మా సంఘం వాటా పెంచారు, కట్టాలా ఆపాలా?

గాజువాక ట్రెజరర్:
అందరికీ వందనాలు. జూన్ నుంచి మా చర్చి సంఘానికి నేనే ట్రెజరర్‌ని, ఎవరూ ఒప్పుకోకపోతే చివరికి నా మీద పడింది. మాది గాజువాక వైపు, చాలామంది స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైనవాళ్లు. డినామినేషన్ (క్రైస్తవ శాఖ) పేరు చెప్పను. పోయిన వారం పై ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది, అసెస్‌మెంట్, అంటే సెంట్రల్ ఫండ్‌కి మేం ఏటా కట్టే వాటా, తలకి 600 నుంచి 750 చేశారట. రిజిస్టర్‌లో మాకు 400 పేర్లున్నాయి, అంటే 2,40,000 కాస్తా 3,00,000 అయింది, ఎందుకు పెంచారో ఒక్క ముక్క లేదు. ఆ 400లో వంద మంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, క్రిస్మస్‌కి తప్ప మొహం కనపడదు, కానుక అక్కడి చర్చిలోనే వేస్తారు. ఇక్కడ చూస్తే సముద్రపు గాలికి మందిరం శ్లాబులో ఊచలు తుప్పు పట్టి, పెచ్చులు సరిగ్గా క్వాయర్ పిల్లల నెత్తిన పడుతున్నాయి. ఈ ఏడాది కట్టొద్దు, ముందు శ్లాబు చూసుకుందాం అని కమిటీలో సగం మంది పట్టుబడుతున్నారు. వేరే డినామినేషన్లలో ఈ లెక్క ఎలా వేస్తారు?

పాత లెడ్జర్:
బ్రదర్, నేను 14 ఏళ్లు ఈ లెక్కలు రాశాను, ఒక మాట చెప్తాను. తలకింత అనే పద్ధతి వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, బ్యాంకు ఆఫీసరు తల, ఫిషింగ్ హార్బర్‌లో రోజుకూలీ తల ఒకటే ఎలా అవుతాయి? పైగా తలలు లెక్కపెట్టడం మొదలయ్యాక ప్రతి సంఘం రిజిస్టర్‌లో పేర్లు కొట్టేయడం మొదలుపెడుతుంది. అమెరికాలో ప్రెస్బిటేరియన్లది తలకింత పద్ధతే. యునైటెడ్ మెథడిస్టులు సంఘం ఖర్చును ఆధారం చేసుకుని వాటా వేస్తారు. సదరన్ బాప్టిస్టులు 1925లో పెట్టుకున్న ఉమ్మడి నిధికైతే ఎంత శాతం పంపాలో ఏ సంఘానికి ఆ సంఘమే తేల్చుకుంటుంది, పైనుంచి అడిగేవాడు లేడు. నన్నడిగితే మూడేళ్ల మామూలు కానుకల సగటు తీసి అందులో ఇంత శాతం, పది అనుకోండి, అనడం మేలు. బిల్డింగ్ ఫండ్, కోతపండుగ వేలంపాట డబ్బు అందులో కలపకూడదు, కలిపితే మీరు శ్లాబు కోసం పోగేసిన ప్రతి రూపాయి మీద పైకి ఇంకో పది పైసలు కట్టాల్సి వస్తుంది. ఇప్పటికైతే ఊళ్లో ఉన్న 300 మందికే లెక్క కట్టమని రాయండి, 2,25,000 అవుతుంది. కట్టడం మాత్రం ఆపకండి.

ఎంవీపీ కాలనీ:
ఎందుకు ఆపకూడదండీ? అసెస్‌మెంట్ సీజన్ రాగానే పాస్టరు అయ్యగారు కొరింథీయులకు రెండో పత్రిక 8వ అధ్యాయం తీస్తారు, మాసిదోనియ వాళ్లు అంత పేదరికంలో కూడా ఇచ్చారని. ఇచ్చారు సరే, ఆ డబ్బు ఎవరు పట్టుకెళ్లారో, నింద రాకుండా ఎంత జాగ్రత్తపడ్డారో అదే అధ్యాయంలో ఉంది, అది మాత్రం చదవరు! మా దగ్గర మూడేళ్లుగా ఆడిట్ రిపోర్టు అడుగుతున్నాం, టీ ఇచ్చి పంపిస్తున్నారు. విదేశీ డబ్బు మీద ఆశ పెట్టుకునే రోజులు కూడా పోయాయి, 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ మార్చాక ఒక సంస్థకి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి లేదు. మొత్తం బరువు మన కానుకల మీదే పడుతున్నప్పుడు లెక్క అడగడం తప్పా?

పాడేరు ఘాట్:
లెక్క అడగండి, తప్పు లేదు. కానీ కట్టడం ఆపితే ముందు ఎవరి పొయ్యి ఆరుతుందో నేను చెప్తాను. మా నాన్న ఏజెన్సీలో పాస్టరు. ఆదివారం కానుక సంచి విప్పితే 140, 160 రూపాయలు, ఒక గిన్నె బియ్యం, కాఫీ అమ్ముడైన నెలల్లో ఒక కోడి. మా ఆడవాళ్లు కుండలో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు, మిజోరాంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 నుంచి ఇదే చేస్తున్నారని, మిషన్ పనికి బోలెడంత డబ్బు అలాగే వస్తుందని ఈమధ్యే తెలిసింది. మా డబ్బా బియ్యం మాత్రం దీపాలకీ, మైకు రిపేర్లకీ సరిపోయేది. జీతం వచ్చేది మీలాంటి టౌను సంఘాల అసెస్‌మెంట్ నుంచే. ఒకసారి రెండు నెలలు ఆగిపోతే మా అమ్మ సంతలో షావుకారు దగ్గర ఉప్పు, పప్పు, నూనె అన్నీ అరువు తెచ్చింది, ఆ చీటీ మడత పెట్టి బైబిల్లోనే దాచేది. పై ఆఫీసులో కొత్త కారు మాత్రం ఆ ఏడాదే వచ్చింది, అదీ నిజమే, ఎంవీపీ అన్నగారు అడిగినదాంట్లో న్యాయం ఉంది.

గాజువాక ట్రెజరర్:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి బీరువాలో పాత లెడ్జర్లు తిరగేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా మందిరం రేకులన్నీ లేచిపోయాయి, అప్పటికి ఈ శ్లాబు లేదు. ఆ నవంబరులో జమ వైపు సెంట్రల్ ఫండ్ నుంచి 1,80,000 అని రాసి ఉంది. కమిటీలో ఇప్పుడు కట్టొద్దంటున్న ఒక పెద్దాయన సంతకమే కింద ఉంది. ఆదివారం ఆ పేజీ తీసుకెళ్తాను. 2,25,000 మూడు విడతల్లో కడతామని, పోయినేడాది ఆడిట్ రిపోర్టు పంపమని ఒకే లెటర్లో రాస్తున్నాం, శ్లాబుకి వేరే చందా.

బయట ఊళ్లలో ఉన్నవాళ్ల జాబితా కూడా మొదలుపెట్టాను. మొదటి పేరు మా అబ్బాయిదే, వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదు.